ఆ గీతల్లో మనిషి ఎంత?

మెదడు విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ పరీక్ష తీయించుకోవడానికి వెళ్ళేవాళ్ళకు ముందురోజే ఒక మాట చెబుతారు. తలస్నానం చేసి రండి, నూనె మాత్రం రాయకండి అని. మర్నాడు టెక్నీషియన్ టేపు పట్టి ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బుడిపె దాకా కొలుస్తుంది. ఆ పొడవులో పదో వంతు దగ్గర ఒకటి, ఆ తర్వాత ఐదో వంతుకొకటి చొప్పున పెన్సిలుతో గుర్తులు పెడుతుంది. గుర్తు పడినచోట జుట్టు పాయ తీసి, చర్మాన్ని కాస్త రుద్ది, పేస్టు అద్ది, చిన్న లోహపు బిళ్ళలు అతికిస్తుంది. ఇరవై చిల్లర తీగలు తల మీద నుంచి యంత్రంలోకి పోతాయి. "కదలొద్దు, పళ్ళు బిగించొద్దు. ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అంటుంది. మూసుకున్న క్షణం రెండు క్షణాలకే తల వెనకభాగం నుంచి వచ్చే గీతలు మారిపోతాయి. అప్పటిదాకా సన్నగా, చిందరవందరగా వణుకుతున్నవి ఒక వరస పట్టి, సెకనుకు పది చొప్పున ఊగడం మొదలుపెడతాయి. "తెరవండి" అనగానే ఆ ఊపు ఆగిపోతుంది.

చిన్నప్పటి నుంచీ మనలో ఉన్నదే ఈ ఊపు. అయినా 1924 వరకు ఏ మనిషీ దాన్ని చూడలేదు. చూశాక వచ్చిన ప్రశ్న ఇంకా తేలలేదు: ఆ గీతను పట్టుకుని మనిషి గురించి ఎంత దూరం మాట్లాడవచ్చు?

దాన్ని మొదట కాగితం మీదికి ఎక్కించినవాడు హాన్స్ బెర్గర్. జర్మనీలోని జేనా విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడు. నిజానికి ఆయన వెతుకులాట విద్యుత్తు కోసం మొదలవలేదు. యువకుడిగా సైనిక శిక్షణలో ఉండగా గుర్రం మీద నుంచి పడి, ఫిరంగి బండి చక్రాల కింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో బతికాడు. ఆ రోజే తండ్రి దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది, క్షేమమేనా అని. అతనికేదో ఆపద వచ్చిందని తోబుట్టువు పట్టుబట్టి ఇప్పించిన టెలిగ్రాం అది. తన భయం ఆమెకు ఎలా చేరిందన్న ప్రశ్న బెర్గర్‌ను జీవితాంతం వదల్లేదు. మనసు శక్తి అయితే దానికో కొలత ఉండాలి అనుకున్నాడు. మెదడులో రక్తప్రసారం కొలిచాడు, ఉష్ణోగ్రత కొలిచాడు, చివరికి తల మీద తీగలు పెట్టాడు. కన్నకొడుకు తల మీదా పెట్టాడు. తను చూస్తున్నది మెదడు నుంచే వస్తోందా, కండరాల కదలిక నుంచి వస్తోందా అని అయిదేళ్ళు అనుమానపడి, 1929లో గాని ప్రకటించలేదు. ప్రకటించినా చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో నోబెల్ గ్రహీత ఏడ్రియన్, మాథ్యూస్‌తో కలిసి అదే ప్రయోగం చేసి చూపించాక ప్రపంచం ఒప్పుకుంది.

ఆయన కోరుకున్నది మాత్రం దొరకలేదు. మెదడు నుంచి చర్మం మీదికి చేరేసరికి ఆ విద్యుత్తు పది నుంచి వంద మైక్రోవోల్టులు. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలో వంతు. పేస్టు సరిగ్గా అంటకపోతే అంగుళం కూడా దాటని ఆ సంకేతం ఊళ్ళు దాటి తోబుట్టువును ఎలా చేరుతుంది? మనసును వెతుకుతూ వెళ్ళిన మనిషికి మెదడు లయ దొరికింది. రెండూ ఒకటేనా అన్నది ఆయన జవాబు చెప్పకుండానే మనకు వదిలిపోయిన ప్రశ్న.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒక్క కణం మాట పుర్రె బయటికి వినపడదు. పైపొరలోని లక్షల కణాలు ఒకే తాళంలో ఎగసి పడితేనే బయట ఒక గీత కదులుతుంది. ఊరి బయట నిలబడి సంత రొద వింటున్నట్టు ఉంటుంది ఇది. సంత జోరు మీద ఉందో, మూటలు కట్టేస్తున్నారో చెప్పగలం. ఏ గిత్తకు ఎవరు ఎంత బేరం ఆడుతున్నారో చెప్పలేం.

ఈ రొదను వేగాన్ని బట్టి అయిదు రకాలుగా విడదీశారు. సెకనుకు నాలుగు లోపు ఊగేది డెల్టా, గాఢనిద్రలో ఎక్కువ. నాలుగు నుంచి ఎనిమిది దాకా థీటా, కునుకు పట్టేటప్పుడు. ఎనిమిది నుంచి పదమూడు దాకా ఆల్ఫా, కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఉన్నప్పుడు. ముప్పై దాకా బీటా, మెలకువగా పనిలో ఉన్నప్పుడు. ఆ పైన గామా. ఆల్ఫా, బీటా బెర్గర్ పెట్టిన పేర్లే, మిగతావి తర్వాతివాళ్ళు చేర్చారు. వైద్యుడికి ఇది పనికొచ్చే పట్టిక. అయితే ఆస్పత్రి దాటి బయటికి వచ్చేసరికి ఇది ఇంకో అవతారం ఎత్తింది. ఆల్ఫా అంటే ప్రశాంతత, బీటా అంటే ఆందోళన, థీటా అంటే సృజన, గామా అంటే జ్ఞానోదయం. వారాంతపు శిబిరాల్లో, చెవుల్లో పెట్టుకునే సంగీతంలో, పిల్లల జ్ఞాపకశక్తి పెంచుతామనే ప్రకటనల్లో ఈ జాబితాను శాస్త్రం పేరుతో అమ్ముతున్నారు. దీన్ని ఒప్పుకోలేకపోవడానికి నాకు కారణాలు ఉన్నాయి.

గుండె ఆగి, మెదడుకు ప్రాణవాయువు అందక కోమాలోకి జారిపోయిన కొందరికి ఈఈజీ తీస్తే ఆల్ఫా లయే కనిపిస్తుంది. వైద్యులు దానికి ఆల్ఫా కోమా అని పేరే పెట్టారు. కనురెప్ప ఎత్తినా, చేయి గిల్లినా ఆ లయ చెదరదు. అలాంటివాళ్ళలో చాలామంది మళ్ళీ లేవరు. లయ వేగాన్ని మాత్రమే చూసే మనిషి ఆ మంచం పక్కన నిలబడి ప్రశాంతత అనగలడా? మరోవైపు, ఆల్ఫా దాదాపుగా కనిపించని మనుషులు హాయిగా, ఆరోగ్యంగా మన మధ్య తిరుగుతున్నారు. థీటా కునుకుపాటుదని అన్నాం. కష్టమైన లెక్కను మనసులో చేస్తున్నవాడి నుదుటి నడుమ కూడా థీటాయే పెరుగుతుంది. మూడు నాలుగు నెలల పసివాడు మెలకువగా ఉన్నప్పుడు తల వెనకభాగపు లయ సెకనుకు మూడు నాలుగు మించదు. ఏడాది నిండేసరికి అయిదారు అవుతుంది, మూడేళ్ళకు ఎనిమిదికి చేరుతుంది. పెద్దల పట్టిక ప్రకారం చూస్తే, తల్లి ముఖాన్ని కళ్ళార్పకుండా చూస్తూ బోసినవ్వు నవ్వే ఆ బిడ్డ గాఢనిద్రలో ఉన్నట్టే లెక్క. గామా సంగతి ఇంకా తిరకాసు. నుదురు, దవడ కండరాల విద్యుత్తు సరిగ్గా ఆ వేగంలోనే వచ్చి కలుస్తుంది. పళ్ళు బిగించొద్దని టెక్నీషియన్ మొదట్లోనే చెప్పేది అందుకే.

అంటే గీతలు అబద్ధమని కాదు. గీత ఒకటే అయినా దాని కింద ఉన్న బతుకులు వేరు వేరు. వయసు, తలలో చోటు, కళ్ళు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా, పిలిస్తే లయ మారుతోందా లేదా, ఇవన్నీ తెలిస్తే తప్ప మంచి న్యూరాలజిస్టు నోరు విప్పడు.

నిద్ర దగ్గరికి వస్తే ఈ ప్రశ్న ఇంకా లోతుకు వెళుతుంది, అదీ మన సొంత ఆవరణలోకే. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి పన్నెండు మంత్రాలే. మెలకువ, కల, గాఢనిద్ర, ఆ మూడింటికీ అవతల తురీయం అని మనిషి అనుభవాన్ని విభజించింది. ఈ నాలుగింటికీ బీటా, థీటా, డెల్టా, గామా అని ఎదురెదురుగా రాసి, మన ఋషులకు ఇదంతా ముందే తెలుసని చెప్పేవాళ్ళు ఉన్నారు. అలా చెప్పడం వల్ల ఋషులకు గౌరవం పెరగదు, ప్రయోగశాలకూ పెరగదు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను కనిపెట్టారు. లేపి అడిగితే ఆ దశలోనివాళ్ళు ఎక్కువగా కలలు చెప్పారు. ఒంటి కండరాలు దాదాపు పూర్తిగా సడలి ఉండే ఆ దశలో మెదడు గీతలు మెలకువలోని గీతల్లాగే ఉంటాయి. కలకూ మెలకువకూ తేడా ఏమిటని మన వేదాంతులు తరతరాలుగా తర్కించుకున్నారు. తల మీది గీతలు మాత్రమే ఇచ్చి చెప్పమంటే యంత్రానికీ ఆ తేడా సులువుగా తెలియదు.

గాఢనిద్ర గురించి మన తర్కంలో ఒక గొప్ప వాదం ఉంది. పొద్దున్నే లేచి "హాయిగా పడుకున్నాను, ఒళ్ళు తెలియలేదు" అంటాం. ఏమీ తెలియకపోతే హాయిగా ఉందన్న సంగతి ఎవరు గుర్తు పెట్టుకున్నారు? జ్ఞాపకం ఉందంటే అనుభవం ఉండి ఉండాలి, అనుభవం ఉందంటే సాక్షి ఉండి ఉండాలి అంటాడు అద్వైతి. అది జ్ఞాపకం కాదు, ఒళ్ళు తేలికపడటం చూసి లేచాక చేసుకున్న ఊహ అంటాడు నైయాయికుడు. డెల్టా తరంగం ఈ తగవు తీరుస్తుందేమో అనిపిస్తుంది. తీర్చదు. డెల్టా నిద్రలో ఉన్నవాళ్ళను లేపి అడిగితే కొందరు ఏమీ లేదంటారు, కొందరు ఏదో అనుభవం చెబుతారు, మరికొందరు ఏదో ఉంది గాని గుర్తు రావడం లేదంటారు. తేడా ఎక్కడుందో చెప్పగల గుర్తుల కోసం శాస్త్రజ్ఞులు ఇప్పుడు మెదడు వెనకభాగంలో వెతుకుతున్నారు. కాని ప్రతి ప్రయోగంలోనూ మొదట చేయవలసిన పని నిద్రపోయిన మనిషిని లేపి, "నీకు ఏమనిపించింది?" అని అడగడమే. ఆ మనిషి మాట లేకుండా గీతకు అర్థం లేదు. నేను మనిషి వైపు నిలబడటానికి ఈ ఒక్క సంగతి చాలు.

ధ్యానం విషయంలోనూ అంతే. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛినా, బల్దేవ్ సింగ్ యోగుల మీద చేసిన పరిశోధన ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. సమాధిలో ఉన్న యోగుల ఆల్ఫా లయ వెలుగుకూ, చప్పుడుకూ, వేడి స్పర్శకూ చెదరలేదు. ఇద్దరు యోగులు నాలుగు డిగ్రీల చన్నీళ్ళలో ముప్పావుగంట పైగా చేయి ముంచి ఉంచినా ఆల్ఫా అలాగే నిలిచింది. నిజాయితీ గల పని అది. బయటి నుంచి వచ్చేదాన్ని మనసు గుమ్మం దగ్గరే ఆపగలదని చూపింది. 2004లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో, వేల గంటలు సాధన చేసిన ఎనిమిదిమంది బౌద్ధ సాధకులు సకల జీవుల పట్ల కరుణను ధ్యానిస్తుండగా తీసిన గీతల్లో గామా ఉధృతంగా కనిపించింది. ఇదీ విలువైన సమాచారమే. అయితే కరుణ పెరిగిందో లేదో తెలియాలంటే ఆ సాధకుడితో కలిసి బతికేవాళ్ళను అడగాలి, ఆయన వాకిట్లో నిలబడ్డ బీదవాణ్ణి అడగాలి. సమాధిని, కరుణను అలా కొలవడంలో తప్పు లేదు. కొలతకు అందిన భాగాన్నే సమాధి, కరుణ అనుకోవడంలో ఉంది తప్పు.

ఇక ఈ గీత మనిషికి చేసిన అసలైన మేలు ధ్యానంలో లేదు, బడిలో ఉంది. ఆరేడేళ్ళ పిల్ల క్లాసులో చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. చూపు ఎటో నిలిచిపోతుంది, రెప్పలు చిన్నగా కొట్టుకుంటాయి. పది సెకన్లు. మళ్ళీ ఏమీ జరగనట్టు ఇంకో వాక్యం దగ్గర మొదలుపెడుతుంది. రోజుకు పదులసార్లు. పరధ్యానం అని టీచరు స్కేలుతో కొడుతుంది, మొద్దు అని ఇంట్లో తిడతారు. ఆ పిల్లను ఈఈజీ గదిలో కూర్చోబెట్టి మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటే ఆ ఆగిపోవడం అక్కడే వస్తుంది. తల నిండా ఒకేసారి సెకనుకు మూడు చొప్పున ముల్లు లాంటి మొన, దాని వెనకే ఒక అల, అలా జంటలు జంటలుగా పడతాయి. 1935లో బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ వివరించిన ఆ గుర్తు ఇవాళ్టికీ తిరుగులేనిది. అది పొగరు కాదు, సోమరితనం కాదు, మూర్ఛలో ఒక రకం. మందులకు బాగా లొంగుతుంది. చాలామంది పిల్లలకు ఎదిగేసరికి పూర్తిగా పోతుంది. మనిషి గుణం మీద వేసిన నిందను ఒక గీత కొట్టేసింది. సైన్సు నుంచి ఇంతకన్నా మానవీయమైన కానుకను నేను ఊహించలేను.

మన ఊళ్ళలో ఇప్పటికీ మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. పెళ్ళి సంబంధం దగ్గర దాస్తారు. దాచడానికి కొంతకాలం చట్టమూ ఒక కారణం. హిందూ వివాహ చట్టం మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళిని రద్దు చేయడానికి వీలిచ్చింది. 1999లో ఆ మాటను తొలగించారు. మెదడు గీత కనిపించి డెబ్బై అయిదేళ్ళయ్యాక గాని మన చట్టానికి ఆ వెలుగు చేరలేదు.

ఇక్కడ బెర్గర్ గురించి చెప్పక తప్పని బాధాకరమైన సంగతి ఒకటుంది. 1933లో నాజీ ప్రభుత్వం వంశపారంపర్య రోగాలు ఉన్నవాళ్ళకు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసే చట్టం తెచ్చింది. ఆ రోగాల జాబితాలో మూర్ఛ ఉంది. అలాంటి కేసుల అప్పీళ్ళు వినే జేనాలోని న్యాయస్థానంలో బెర్గర్ సభ్యుడిగా కూర్చున్నాడని తర్వాత బయటపడ్డ పత్రాలు చెబుతున్నాయి. మనసుల మధ్య వంతెన వెతికినవాడు, మూర్ఛరోగులకు వరమైన యంత్రాన్ని ఇచ్చినవాడు, ఆ రోగులకు బిడ్డలను కనే హక్కు ఉందా లేదా అని తీర్పు చెప్పే బల్ల వెనక కూర్చున్నాడు. తెలివి మనిషిని మంచివాణ్ణి చేస్తుందన్న నమ్మకం నాకు బెర్గర్ దగ్గర చెదిరింది. 1941లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

అదే గీతతో మనిషిని వెతకవచ్చని చూపినవాళ్ళూ ఉన్నారు. కళ్ళు తెరిచి ఉన్నా ఏ పిలుపుకూ పలకని రోగుల మంచం దగ్గరికి 2011లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం ఈఈజీ తీసుకెళ్ళింది. "కుడి చేయి పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకోండి", "కాలివేళ్ళు కదుపుతున్నట్టు ఊహించుకోండి" అని మార్చి మార్చి చెప్పారు. పదహారుమందిలో ముగ్గురి మెదళ్ళు ఆ మాట విని, ఆ ప్రకారం మారాయి. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మాటకు స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్ళు ఈఈజీలోనో స్కానులోనో ఆదేశాన్ని అందుకున్నాయి. "ఈయనకేం తెలుసు" అనుకుని మంచం పక్కనే ఆస్తి పంపకాలు మాట్లాడుకునే బంధువులు ఈ లెక్క ఒకసారి చదవాలి.

పోలీసులు ఇదే గీతను ఇంకో పనికి వాడబోయారు. నిందితుడి తలకు తీగలు పెట్టి, నేరం గురించిన వాక్యాలు వినిపించి, మెదడులో అనుభవ జ్ఞాపకం ఉందో లేదో తేలుస్తామన్నారు. 2008లో పుణేలో ఒక హత్య కేసులో ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేసిన తీర్పులో ఆ పరీక్షకూ చోటు దక్కింది. జ్ఞాపకానికీ, పదేపదే విన్న ఆరోపణ మనసులో నాటుకోవడానికీ తేడా ఆ గీతలో కనిపిస్తుందని ఎవరు రుజువు చేశారు? 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఈ దారికి అడ్డుకట్ట వేసింది. నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను మనిషి సమ్మతి లేకుండా చేయకూడదని, తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనవసరం లేదన్న రాజ్యాంగ హక్కు నోటి మాటతో ఆగదని తేల్చింది. మన న్యాయస్థానాలు మనిషి అంతరంగానికి కట్టిన గోడల్లో అది గట్టిది.

ఆ గోడ పోలీసును ఆపుతుంది. బడిని ఆపుతుందా? 2019లో చైనాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల నుదుటికి మెదడు తరంగాలు పట్టే పట్టీలు కట్టారు. శ్రద్ధగా ఉంటే ఒక రంగు దీపం, లేకపోతే ఇంకో రంగు. టీచరుకు లెక్క, తల్లిదండ్రులకు నివేదిక. జనం మండిపడటంతో అధికారులు ఆపించారు. చిలీ దేశం 2021లో రాజ్యాంగాన్నే సవరించి మెదడు సమాచారానికి రక్షణ రాసుకుంది. 2023లో మనం తెచ్చుకున్న వ్యక్తిగత డేటా చట్టంలో మెదడు సమాచారానికి ప్రత్యేకంగా చోటు లేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతి తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. తెల్లవారకముందే స్టడీ అవర్లు మొదలయ్యే హాస్టళ్ళు మనవి. ర్యాంకు కోసం పిల్లల నిద్ర కొలుస్తాం, సెలవులు కోస్తాం, ఫోన్లు లాక్కుంటాం. శ్రద్ధ కొలిచే పట్టీ చౌకగా దొరికిన రోజున దాన్ని వద్దనే కాలేజీలు ఎన్ని ఉంటాయి? ఆ పట్టీకి ఏం తెలుస్తుంది? కిటికీ వైపు చూస్తున్న కుర్రాడు లెక్కకు కొత్త దారి వెతుకుతున్నాడో, ఇంటి దగ్గర జ్వరంతో ఉన్న అమ్మను తలుచుకుంటున్నాడో దానికి తెలియదు. తెలియకుండానే ఎర్ర దీపం వెలిగిస్తుంది. తలచుకునే హక్కు, కలగనే హక్కు, ఊరికే కూర్చునే హక్కు ఆ కుర్రాడికి ఉన్నాయి. అవి లేకుండా పెరిగిన బుద్ధి బుద్ధి కాదు.

పిల్ల ఊరికే ఆగిపోతుంటే, పడిపోతుంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి, ఈఈజీ తీయించండి. చదువులో శ్రద్ధ కొలుస్తాం, తలకు పట్టీ కడతాం అని ఏ బడి అయినా, ఏ కాలేజీ అయినా కాగితం పంపితే మాత్రం దాని మీద సంతకం పెట్టకండి.